మూసేస్తే మూసేశామని బోర్డు పెట్టండి: ఆర్థిక మంత్రిగారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఆంధ్రప్రదేశ్ ఆర్థిక మంత్రివర్యులు పయ్యావుల కేశవ్ గారి సముఖానికి, అనంతపురం కరువు సీమలో కొళాయిల ముందు ఖాళీ బిందెలతో నిలబడ్డ అర్జీదారులు విన్నవించుకునేది ఏమనగా:

మంత్రిగారిది ఉరవకొండ. ఇక్కడ ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్పని, అది కూడా శనక్కాయకు ఊడలు దిగే వేళకు మొహం చాటేస్తుందని ఆయనకు విడమరచి చెప్పనక్కర్లేదు. అర్జీదారులు అడగబోయేది వాన కాదు. వాన ఏ పద్దు కిందికీ రాదని వాళ్లకు తెలుసు. వాళ్లకు కావాల్సింది ఒక బోర్డు.

అమెరికాలో రెండు పార్టీలకు లెక్క కుదరకపోతే ప్రభుత్వం మూతపడుతుంది, అదీ బాహాటంగా. 2025 అక్టోబరు 1న పడిన మూత 43 రోజులకు గానీ తెరుచుకోలేదు. అక్కడ ఎవరి పని అత్యవసరమో, ఎవరు ఇంటికి పోవాలో ముందే తేలుస్తారు. తలుపులు తెరిచాక ఆగిన జీతం ఉద్యోగులకు కట్టాలని 2019లో చట్టమే చేసుకున్నారు. ఆ అక్టోబరులో వాళ్ల కార్మిక శాఖ హెచ్-1బీకి కావాల్సిన దరఖాస్తుల పని ఆపేస్తే, అక్కడి తెలుగు పిల్లలూ ఇక్కడి తల్లిదండ్రులూ కలిసి తిట్టుకున్నారు. ఎవరి కొట్లాట వల్ల ఆగిందో తెలిసి మరీ తిట్టుకున్నారు. ఆ సౌఖ్యం అర్జీదారులకు లేదు.

మన రాజ్యాంగం అంత రచ్చకు చోటివ్వలేదు. బడ్జెట్ ఆలస్యమైతే కొన్ని నెలల ఖర్చుకు ఓటాన్ అకౌంట్ ఉంది. శాసనమండలి మొండికేస్తే 198వ అధికరణ ఉంది: అసెంబ్లీ పంపిన ద్రవ్య బిల్లును 14 రోజుల్లో తిప్పి పంపకపోతే మండలి ఒప్పుకున్నట్టే లెక్క.

ఆ 14 రోజుల ఖరీదు మన రాష్ట్రానికి 2020లో తెలిసొచ్చింది. కోవిడ్ వల్ల మార్చిలో బడ్జెట్ పెట్టలేక, మూడు నెలల ఖర్చుకు ఆర్డినెన్సు తెచ్చుకున్నారు. అది జూన్ 30తో సరి. జూన్ 16, 17 తేదీల్లో ముచ్చటగా రెండు రోజుల సభ పెట్టారు. అప్పటి ఆర్థిక మంత్రి బుగ్గన రాజేంద్రనాథ్ గారి బడ్జెట్ అసెంబ్లీ దాటింది. మండలిలో మాత్రం బలం టీడీపీది. మూడు రాజధానుల బిల్లు, సీఆర్‌డీఏ రద్దు బిల్లు ముందు తీసుకోవాలని వైఎస్సార్‌సీపీ మంత్రులు, కాదు ద్రవ్య వినిమయ బిల్లే ముందని టీడీపీ. ఆ పక్షానికి నాయకుడు యనమల రామకృష్ణుడు, ఎన్నో బడ్జెట్లు తానే చదివిన మాజీ ఆర్థిక మంత్రి. వాదులాట తోపులాటయింది, సెల్‌ఫోన్ వీడియోల మీద ఇంకో రభస అయింది. కుర్చీలో ఉన్న డిప్యూటీ చైర్మన్ రెడ్డి సుబ్రహ్మణ్యం సభను నిరవధికంగా వాయిదా వేసి లేచిపోయారు. డబ్బు బిల్లు బల్ల మీదే ఉండిపోయింది. జూలై 1న ఉద్యోగుల ఖాతాల్లో జీతం పడలేదు. గడువు తీరి, గవర్నర్ సంతకం అయ్యాకే ఖజానా కదిలింది.

తప్పెవరిదంటే ఇరుపక్షాలూ ఎదుటివారినే చూపించాయి. అర్జీదారుల తీర్పు వేరు. రాజధాని బిల్లును ఒక్క గంట వెనక్కి జరిపినా సరిపోయేది, లేచిపోయే ముందు డబ్బు బిల్లుకు సరేనన్నా సరిపోయేది. ఇంత తేలిక పని కాబట్టే ఇద్దరూ చేయలేదు.

తెలంగాణ వాళ్లు 2023 జనవరిలో ఇంకో రకం చూపించారు. గవర్నర్ తమిళిసై బడ్జెట్‌కు అనుమతి ఇవ్వడం లేదని కేసీఆర్ సర్కారు హైకోర్టుకెక్కింది. అదే రోజు రాజీ కుదిరి, ఫిబ్రవరి 6న బడ్జెట్ పెట్టారు.

ఇవి పత్రికల మొదటి పేజీ మూతలు, నాలుగు రోజుల్లో తీరిపోయేవి. అర్జీదారుల మూతకు మొదటి పేజీ దొరకదు.

పెన్నహోబిలం జలాశయం నుంచి నీళ్లు తోడి కళ్యాణదుర్గం, మడకశిర, హిందూపురం దిక్కు పల్లెలకు పంపే శ్రీరామరెడ్డి తాగునీటి పథకం ఉంది. పంపుహౌసులో మోటారు వేసేదీ, వాల్వు తిప్పేదీ, పగిలిన పైపుకు అతుకు పెట్టేదీ కాంట్రాక్టు కార్మికులు. ప్రభుత్వం కాంట్రాక్టరుకు ఇవ్వదు, కాంట్రాక్టరు వాళ్లకు ఇవ్వడు. నెలల తరబడి చూసి, చూసి, సమ్మె కడతారు. మోటార్లు ఆగుతాయి, ఓవర్‌హెడ్ ట్యాంకులు అడుగంటుతాయి. వీధి కొళాయి ముందు బిందెలు వరస కడతాయి. బిందె వదిలిపెట్టడానికి మనసొప్పనివాళ్లు వంతుకు గుర్తుగా ఒక రాయి పెట్టి ఇంటికి పోతారు. ఆ రాయి జరిగిందా లేదా అన్నదాని మీద జరిగే పోట్లాట ముందు శాసనమండలి ఎందుకూ పనికిరాదు. తర్వాత అధికారులొచ్చి ఒకట్రెండు నెలల బకాయి ఇప్పిస్తామంటారు, మోటార్లు తిరుగుతాయి, మళ్లీ కొన్నాళ్లకు మామూలే. కరువు సీమలో ఏ పార్టీ ఏలుబడిలోనూ ఈ సమ్మెలకు కరువు రాలేదు.

డబ్బెక్కడ ఆగిందని ఆఫీసులో అడిగితే 'బిల్లు అప్‌లోడ్ అయింది' అంటారు. 2018లో బిల్లుల చెల్లింపుకు సీఎఫ్‌ఎంఎస్ అనే కంప్యూటర్ వ్యవస్థ వచ్చినప్పటి నుంచి ఇదే జవాబు. ఎవరూ కాదనలేదు, ఎవరూ సంతకం ఆపలేదు, తెర మీద 'పెండింగ్' అని మాత్రం ఉంటుంది.

పార్టీల పంతం దూరే సందు కూడా ఇదే. 2019లో ప్రభుత్వం మారగానే అంతకుముందు ఊళ్లలో వేసిన ఉపాధి హామీ రోడ్ల బిల్లులు ఆగిపోయాయి. సిమెంటు రోడ్డు మీద జనం నడుస్తూనే ఉన్నారు, అది వేసినవాడు మాత్రం కోర్టు చుట్టూ తిరిగాడు. వడ్డీతో సహా కట్టమని 2021లో హైకోర్టు చెప్పాల్సి వచ్చింది. 2024లో మళ్లీ మారింది. ఈసారి శ్వేతపత్రాలు వచ్చాయి, ఆర్డినెన్సుతో ఇంకో ఓటాన్ అకౌంట్ వచ్చింది, పూర్తి బడ్జెట్‌ను మంత్రిగారే నవంబరు 11న చదివారు. అప్పటికి ఏడాదిలో ఏడు నెలలు దాటాయి. ప్రతిపక్షంలో ఉండగా ప్రజా పద్దుల కమిటీ అధ్యక్షులుగా ఆయనే 2021లో గవర్నర్‌ను కలిసి, 41 వేల కోట్లకు సరైన లెక్కల్లేవని ఫిర్యాదు చేశారు. ఖజానా తలుపుకు ఇటూ అటూ నిలబడి చూసిన మనిషి కాబట్టే ఈ అర్జీ ఆయనకు.

ఆ ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది ఈ సీమలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో. కూలి 15 రోజుల్లో ఇవ్వాలని, దాటితే రోజుకు 0.05 శాతం పరిహారమని అందులో నియమం. వెయ్యి రూపాయల కూలికి రోజుకు అర్ధరూపాయి. అదైనా ఆలస్యానికి రేటు కట్టిన నియమం. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆ చట్టం స్థానంలో కొత్తది తెచ్చింది. ఇంతకాలం కూలి మొత్తం కేంద్రానిదైతే, ఇకపై 40 శాతం రాష్ట్రం భరించాలి. ఢిల్లీలోనూ అమరావతిలోనూ ఇవాళ ఒకటే కూటమి. రేపు వేరు పార్టీలైతే వాటా ఎవరు ముందు వేయాలన్న పంచాయితీ తెగేదాకా గడ్డపార ఎవరి చేతిలో ఉంటుందో మంత్రిగారు ఇప్పుడే రాసి పెడితే మేలు.

కాబట్టి అర్జీదారుల ప్రార్థన. డబ్బు ఆపడం ప్రభుత్వాల హక్కే అనుకుందాం. ఆపిన రోజున పంపుహౌసు గేటుకు ఒక బోర్డు కట్టించాలి: ఫలానా తేదీ నుంచి ఈ పథకానికి చెల్లింపులు లేవు, ఆపినవారు ఫలానా, మళ్లీ ఇచ్చేది ఫలానా నాడు. పేరు వేయడానికి మొహమాటమైతే హోదా వేసినా చాలు. బోర్డు ఖర్చుకు బిల్లు పెట్టవద్దు, అది కూడా పెండింగులో పడుతుంది. రంగూ రేకూ అర్జీదారులే తెచ్చుకుంటారు.

నకలు: అధికార పక్షానికి ఒకటి, ప్రతిపక్షానికి ఒకటి. ఎన్నికలయ్యాక చిరునామాలు తారుమారయ్యే అవకాశం ఉన్నందున రెండింటిలోనూ ఒకే విషయం రాయడమైనది.