సమన్వయం... విడివిడిగా!

ఇంటి గడప దగ్గరికే వైద్యం తెచ్చే తమిళనాడు పథకం 'మక్కళై తేడి మరుత్తువం' 2021 ఆగస్టు 5న మన కృష్ణగిరి జిల్లా సామనపల్లిలోనే మొదలైంది. బీపీ, షుగరు చూసే మహిళా వాలంటీరు, మంచాన పడ్డవాళ్లకు నర్సు, కాళ్లూచేతులూ ఆడించే ఫిజియోథెరపిస్టు. పథకం బంగారం, పేచీ లేదు. వీళ్లకు శిక్షణ పెట్టారనుకోండి: వాలంటీర్లకు సోమవారం, నర్సులకు బుధవారం. 'కలిసి పనిచేయుట' అనే పాఠం ఎవరికి వారికే! సమోసా మాత్రం ఉమ్మడి.

హోసూరు పక్క పల్లెలో అవ్వ అడగనే అడుగుతుంది: "ముగ్గురూ మూడు తూర్లు చెయ్యికి పట్టీ బిగించి చూస్తిరి. ఆ లెక్కేదో మీలో మీరు చెప్పుకోకూడదామ్మా?"

"ఒకే వాట్సాప్ గ్రూపులో ఉన్నాం కదవ్వా! గుడ్ మార్నింగులు ఠంచనుగా అందుతున్నాయి."