స్టీరింగ్ దిగినా డిపోలోనే

మా రోజుల్లో డ్రైవరు జబ్బుపడి లేచొస్తే డిపోలో మొదట నడిచే మాట, ఇతన్ని ఏ పనిలో వేద్దామని. ఇవాళ కుర్ర డ్రైవర్లను కదిలిస్తే జబ్బు పేరు చెప్పుకోవడానికే వణుకుతున్నారు. బీపీ గోళీలు టిఫిన్ డబ్బా అడుగున పెట్టుకుని, ఎవరూ చూడకుండా మింగేవాళ్లు నాకు తెలుసు. సంగతి బయటపడితే మర్నాటి నుంచి డ్యూటీ ఉండదని భయం. బండినిండా జనాన్ని ఎక్కించుకుని నడిపేవాడు ఒంట్లో బాగాలేదన్న సంగతి దాచుకోవలసి రావడం కన్నా ప్రమాదం ఇంకేముంటుంది?

నేను ఆర్టీసీలో కండక్టరుగా పనిచేసి రిటైరైనవాణ్ని. యూనియన్ పనుల్లోనూ తిరిగాను. డ్రైవరు వెనకే బతుకంతా గడిపాను కాబట్టి అతని ఒళ్లు ఎలా అరిగిపోతుందో కళ్లారా చూశాను. అప్పటి మా బండ్లకు ఇంజను ముందుండేది, డ్రైవరు మోకాలి పక్కనే. ఎండాకాలం ఆ బానెట్ మీద చెయ్యి పెడితే కాలేది. నీళ్లు తాగితే దారిలో ఆపాల్సి వస్తుందని గొంతు తడుపుకుని ఊరుకునేవాళ్లు. నైట్ అవుట్ వెళ్తే సీట్ల మధ్యే పడక. అన్నం ఏ వేళకో తెలియదు. నలభై అయిదు దాటేసరికి ఒకరికి షుగరు, ఒకరికి నడుములో డిస్కు, ఇంకొకరికి గుండె. మనిషి అశ్రద్ధ వల్లే వచ్చాయనడం అన్యాయం. చాలావరకు ఆ సీటు ఇచ్చిన జబ్బులే.

మా డిపోలో ఒక డ్రైవరుండేవాడు. షుగరు కళ్లకెక్కింది. రాత్రిపూట ఎదుటి బండి లైటు పడితే కాసేపు ఏమీ కనిపించడం లేదని తనే వచ్చి చెప్పాడు. తార్నాకలోని మా ఆర్టీసీ ఆసుపత్రికి పంపారు. డాక్టర్లు చూసి, స్టీరింగ్‌కు పనికిరాడని రాసిచ్చారు. ఆ కాగితం పట్టుకుని డిపోకొచ్చిన రోజు అతని మొహంలో నెత్తురు లేదు. ఇద్దరు ఆడపిల్లలు, అద్దె ఇల్లు. మా యూనియన్ బ్రాంచి సెక్రటరీ అతన్ని కూర్చోబెట్టి టీ తెప్పించి, "నువ్వు రేపు మామూలుగానే రా అన్నా, పని సంగతి మేం చూసుకుంటాం" అన్నాడు. ఆ మధ్యాహ్నమే డిపో మేనేజరు (డీఎం) గదిలో కూర్చుని మాట్లాడారు. డీజిల్ బంకు దగ్గర ఏ బండికి ఎన్ని లీటర్లు పోశారో రాసే పనిలో వేశారు. పగటి షిఫ్టే, ఎందుకంటే వేళకు తినాలి, వేళకు సూదిమందు వేసుకోవాలి. డ్యూటీ చార్టు రాసే క్లర్కును పిలిచి, ఇతనికి రాత్రి వేయొద్దని డీఎం స్వయంగా చెప్పాడు.

కొన్ని వారాలకు ఇద్దరు ముగ్గురు గొణిగారు. మేం ఎండలో చస్తుంటే అతనికి నీడపట్టున కుర్చీ దొరికిందని. గేట్ మీటింగు పెట్టి, "రేపు ఈ కాగితం నీకొస్తే?" అని యూనియన్‌ వాళ్లే నిలదీశారు. గొణుగుడు ఆగిపోయింది. జబ్బు తర్వాత పనిలోకి రావడమంటే డాక్టరు చీటీ, డీఎం సంతకం మాత్రమే కాదు. పక్కనున్నవాళ్లు మనస్ఫూర్తిగా చోటివ్వకపోతే వచ్చినవాడు నెల తిరక్కుండా తనంతట తనే వెళ్లిపోతాడు. ఆ చోటు ఇప్పించే పని మా రోజుల్లో యూనియన్ చేసింది. ఆ డ్రైవరు రిటైరయ్యేదాకా బంకు దగ్గరే ఉన్నాడు. లోపలికొచ్చే బండి మోత విని, "దీని క్లచ్ చూడండిరా" అని మెకానిక్కులకు చెప్పేవాడు. చూస్తే నిజమయ్యేది. కన్ను పోయినంత మాత్రాన అన్నేళ్లు బండి నడిపినవాడి చెవి ఎక్కడికి పోతుంది? అలాంటి మనిషిని ఇంటికి పంపితే నష్టం సంస్థకు కూడా.

ఇదంతా అధికారుల దయ అనుకునేరు. దయ ఉన్న డీఎంలూ ఉన్నారు, లేనివాళ్లూ ఉన్నారు. దయ లేని డీఎం ముందు పనికొచ్చింది కాగితమే. 1979 డిసెంబరులో కార్మికులకూ ఆర్టీసీకీ మధ్య ఒక ఒప్పందం కుదిరింది. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం 12(3) సెక్షన్ కింద, లేబర్ శాఖ సమక్షంలో జరిగిన ఒప్పందం. రంగులు సరిగా కనిపించడం లేదని తేలిన డ్రైవరును ఇంటికి పంపకుండా, జీతం తగ్గకుండా వేరే ఉద్యోగం ఇవ్వాలని అందులో ఒక క్లాజు ఉంది. ఈ రకం ఒప్పందానికి ఉన్న బలం చాలామందికి తెలియదు. సంతకం పెట్టిన యూనియన్ సభ్యులనే కాదు, ఆ సంస్థలో పనిచేసే అందరినీ, తర్వాత చేరేవాళ్లను కూడా అది కలుపుకుంటుంది. 1979లో పుట్టనివాడికి కూడా ఆ కాగితం అండ.

నేను గాలిమాటలు చెప్పడం లేదు. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చూడండి. ఇప్పటి తెలంగాణ ఆర్టీసీలో 2014లో చేరిన ఒక డ్రైవరుకు రంగుల గుర్తింపు లోపం ఉందని తేలింది. 2016 జనవరిలో మెడికల్ గ్రౌండ్స్ మీద ఇంటికి పంపారు. వేరే పని ఇవ్వమని అడిగితే కుదరదన్నారు. తర్వాత వచ్చిన సర్క్యులర్ల ప్రకారం అలాంటి వెసులుబాటు లేదని సంస్థ వాదన. కేసు హైకోర్టు సింగిల్ జడ్జి దగ్గర ఒక రకంగా, డివిజన్ బెంచి దగ్గర ఇంకో రకంగా తిరిగి ఢిల్లీ చేరింది. సుప్రీంకోర్టు ఆ 1979 ఒప్పందాన్నే బయటికి తీసింది. చట్టబద్ధంగా కుదిరిన ఒప్పందాన్ని ఆఫీసు సర్క్యులర్లు తుడిచెయ్యలేవని చెప్పింది. వేరే పని ఉందో లేదో వెతకాల్సిన బాధ్యత కార్మికుడిది కాదు, యాజమాన్యానిదని తేల్చింది. అదే గ్రేడులో ఉద్యోగం ఇమ్మని, పోయిన జీతంలో 25 శాతం చెల్లించమని ఆదేశించింది. మంచి తీర్పే. కానీ ఒక డీఎం గదిలో ఒక మధ్యాహ్నం తేలాల్సిన సంగతికి తొమ్మిదేళ్లు పైన పట్టింది. ఆ తొమ్మిదేళ్లూ ఆ ఇంట్లో పొయ్యి ఎలా వెలిగిందో ఎవరు అడిగారు?

మనకు చట్టం ఉంది కదా అంటారు చదువుకున్నవాళ్లు. ఉంది. 1995 నాటి వికలాంగుల చట్టంలో 47వ సెక్షన్ చక్కగా రాశారు. ఉద్యోగంలో ఉండగా వైకల్యం వస్తే తీసెయ్యకూడదు, హోదా తగ్గించకూడదు, అదే జీతంతో వేరే పోస్టుకు మార్చాలి, పోస్టు లేకపోతే అదనపు పోస్టు పుట్టించి దొరికేదాకా, లేదా రిటైరయ్యేదాకా అందులో ఉంచాలి. 2016లో వచ్చిన కొత్త చట్టం 20వ సెక్షన్‌లోనూ దాదాపు అదే మాట ఉంది, కానీ ప్రభుత్వ సంస్థల వరకే. ఇంకో చిక్కుంది. చట్టం ఒక జాబితా పెట్టుకుని, అందులో ఉన్నదాన్నే వైకల్యమంటుంది. గుండెకు స్టెంటు వేయించుకున్నవాడు, బీపీ అదుపులోకి రానివాడు, వారానికి రెండుమూడుసార్లు డయాలసిస్‌కు వెళ్లేవాడు ఆ జాబితాలో తమ జబ్బు పేరు వెతుక్కుంటే కనిపించదు. వాళ్లు బండి నడపలేరు, కానీ పని చెయ్యగలరు. ఆ నడిమధ్య మనిషిని చట్టం వదిలేస్తుంది. ఆ ఖాళీని పూడ్చేది మేనేజ్‌మెంటూ యూనియనూ కూర్చుని రాసుకునే ఒప్పందం ఒక్కటే. మా రోజులు మెరుగ్గా ఉన్నాయని నేననేది అందుకే. అప్పుడు కూర్చోవడానికి ఒక బల్ల ఉండేది.

సింగరేణి వాళ్లది ఇంకో దారి. బొగ్గుగనుల జాతీయ వేతన ఒప్పందంలోనే, శాశ్వతంగా పనికిరాకుండా పోయిన కార్మికుడి బదులు ఇంట్లో ఒకరికి ఉద్యోగమిచ్చే క్లాజు ఉంది. ఇల్లు నిలబడుతుంది, కాదనను. కానీ నలభై ఎనిమిదేళ్ల మనిషి అరుగు మీద కూర్చుండిపోతాడు. కొడుక్కి ఉద్యోగమొచ్చిందన్న సంతోషం ఒక పక్కన, తను ఎందుకూ కొరగాకుండా పోయానన్న దిగులు ఇంకో పక్కన. నన్నడిగితే ఆ మనిషికే చేయగలిగిన పని చూపడం మేలు.

ఇప్పటి సంగతికొస్తాను. 2019 అక్టోబరులో మొదలుపెట్టి తెలంగాణ ఆర్టీసీ కార్మికులు 52 రోజులు సమ్మె చేశారు. ఆ తర్వాత యూనియన్లను పక్కనబెట్టి డిపోల్లో వెల్ఫేర్ కౌన్సిళ్లు పెట్టారు. సెలవు దొరకలేదంటే కౌన్సిల్ కల్పించుకోవచ్చు. కానీ సంస్థను కట్టిపడేసే ఒప్పందం మీద సంతకం పెట్టగలిగేది యూనియనే. ఆంధ్రలో 2020 జనవరి నుంచి ఆర్టీసీ సిబ్బంది ప్రభుత్వ ఉద్యోగులయ్యారు, వాళ్లకు అదో రకం భద్రత.

అసలు గతి లేనివాళ్లు అద్దె బస్సుల డ్రైవర్లు, కొత్తగా వస్తున్న ఎలక్ట్రిక్ బస్సుల డ్రైవర్లు. బండి మీద ఆర్టీసీ బోర్డు, టికెట్ ఆర్టీసీది, రూటు ఆర్టీసీది. డ్రైవరు మాత్రం కంపెనీవాడి మనిషి. మా వీధిలో అలాంటి కుర్రాడొకడున్నాడు, నన్ను బాబాయ్ అంటాడు. గుండెనొప్పి వస్తే ఈఎస్‌ఐ ఆసుపత్రిలో చూశారు, సిక్‌నెస్ బెనిఫిట్ ఇచ్చారు. మామూలు జబ్బుకు ఏడాదికి 91 రోజులు, జీతంలో 70 శాతం. గుండె, క్షయ, క్యాన్సర్, షుగరు ముదిరి కన్ను గానీ కాలు గానీ దెబ్బతినడం వంటి 34 దీర్ఘరోగాలకు, తగినంత సర్వీసుంటే, 80 శాతం చొప్పున రెండేళ్ల దాకా ఇస్తారు. ఆ డబ్బు తీసుకుంటున్నన్నాళ్లు ఉద్యోగంలోంచి తీయకూడదని పాత ఈఎస్‌ఐ చట్టం 73వ సెక్షన్ కూడా చెప్పేది. బాగానే ఉంది. ఫిట్ సర్టిఫికెట్ చేతికొచ్చిన రోజుతో ఆ రక్షణ అయిపోయింది. డాక్టరు తేలికపాటి పని చేయొచ్చని రాశాడు. కంపెనీ సూపర్‌వైజరు ఆ చీటీ చదివి, "మా దగ్గర డ్రైవర్ పనే ఉంది, తేలిక పని లేదు" అన్నాడు. అంతే. నోటీసు లేదు, లెక్క లేదు. జీతం నెలకు 21,000 దాటినవాడికైతే ఆ ఈఎస్‌ఐ కూడా లేదు. 2017 నుంచి ఆ పరిమితి కదల్లేదు.

ఇంకా బాధ కలిగించే సంగతి, ఎడతెగని అనారోగ్యం పేరు చెప్పి తీసేస్తే దాన్ని చట్టం రిట్రెంచ్‌మెంట్, అంటే పరిహారమివ్వాల్సిన తొలగింపు, అనదు. కాబట్టి ఆ పరిహారమూ రాదు. 1947 చట్టం స్థానంలో 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లోనూ ఆ మినహాయింపును అలాగే ఉంచారు. డెబ్బై ఏళ్లకు పైబడిన అన్యాయాన్ని సవరించడానికి అవకాశం వచ్చి కూడా వదిలేశారు.

ప్రయాణికుల ప్రాణాల సంగతేమిటని అడుగుతారు. కళ్లు కనిపించనివాడికి స్టీరింగ్ ఇమ్మని మా రోజుల్లోనూ ఎవరూ అడగలేదు. దిగమనే హక్కు డాక్టరుకుంది. దిగినవాడికి చోటు చూపించే బాధ్యత యజమానికుండాలి. ఆ హామీ ఉంటే మా డ్రైవరులాగే జబ్బున్నవాడు తనంతట తనే వచ్చి చెబుతాడు. హామీ లేకపోతే గోళీ మింగి బండెక్కుతాడు. జనం ప్రాణాల మీద నిజంగా శ్రద్ధ ఉన్నవాళ్లు ఈ హామీ కోసం ముందుగా అడగాలి.

అందుకే ఆర్టీసీ అధికారులకు నా విన్నపం. అద్దె బస్సుల టెండరు కాగితాల్లో టైర్ల గురించి, బ్యాటరీల గురించి పేజీలకు పేజీలు షరతులు రాస్తారు. జబ్బుపడి స్టీరింగ్ దిగిన డ్రైవరుకు ఛార్జింగ్ దగ్గరో, గేటు దగ్గరో, కంట్రోల్ రూములోనో అదే జీతంతో పని చూపాలని ఇంకో షరతు కలపండి. యూనియన్ మిత్రులకు ఒకటే మాట. మీ మీ పంతాలు తర్వాత చూసుకోవచ్చు, ముందు ఆ కంపెనీ డ్రైవర్లను సభ్యులుగా చేర్చుకోండి. 1979 ఒప్పందం కాపీ తెచ్చి ప్రతి డిపో నోటీసు బోర్డు మీద అంటించండి.