పెరటి సంస్కర్త

కర్నూలు జిల్లా పడమటి భాగంలో, ముఖ్యంగా కౌతాళం, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాలలో, ఉద్యోగ విరమణ చేసిన గృహస్థులలో ఒక వర్గాన్ని 'పెరటి సంస్కర్త' అనే పేరుతో వేరుచేసి చూపవచ్చు. వంటింటి తలుపుకూ ప్రహరీ గోడకూ నడుమ మిగిలిపోయి, ఎండ సరిగా పడక, పది అడుగుల వెడల్పుకు మించని జాగాను తవ్వి, నాటి, మళ్లీ తవ్వడమే జీవిత శేషానికి తగిన కార్యమని నిశ్చయించుకొన్నవాడు పెరటి సంస్కర్త. తోటమాలికీ ఇతనికీ పోలిక లేదు. తోటమాలి పని ముగించి చేతులు కడుక్కొంటాడు. పెరటి సంస్కర్తకు చేతులు కడుక్కొనే కొళాయి ఏ మూలన ఉండాలన్నదే ఏళ్ల తరబడి తేలదు. ఈ వర్గంలో స్త్రీలు దాదాపు కనిపించరు. అంట్లు తోమడానికీ, బట్టలు ఆరవేయడానికీ, వడియాలు పెట్టడానికీ పెరటిని రోజూ వాడుకొనేవారికి దాన్ని సంస్కరించే తీరిక ఉండదు.

ఈ సీమలో నీడకున్న విలువ తెలిస్తే తప్ప ఇతని ఘనత బోధపడదు. ఏడాది వర్షపాతం ఆరు వందల మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉండి, వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటే నేల ఇది. ఇక్కడ పెరట్లో వేపచెట్టు ఉన్న ఇంటిని ఇరుగుపొరుగువారు కాస్త అసూయతోనే చూస్తారు. మధ్యాహ్నం నులకమంచం వేసుకొని నడుము వాల్చడానికి చోటున్న ఇల్లు ఉన్నవాళ్ల ఇల్లేనని ఊరి లెక్క. ఆ నీడే పెరటి సంస్కర్తకు లోపంగా తోస్తుంది. పూలమొక్కకు రోజుకు ఆరు గంటల ఎండ కావాలని ఎవరో చెప్పగా ఫోనులో విన్న నాటినుంచి అతనికి నిద్ర పట్టదు.

అతని పరిశీలన ఎప్పుడూ మార్గశిర మాసంలోనే మొదలవుతుంది, కష్టాలన్నిటికీ మూలం అక్కడే ఉంది. కౌతాళం సుమారు 15.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నందున, సూర్యుడు ఏడాదిలో రెండు మార్లు, మే మొదటి వారంలో ఒకసారి, ఆగస్టు రెండవ వారంలో మరొకసారి, ఊరి నడినెత్తికి వస్తాడు. ఆ రెంటి నడుమ మధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరం వైపునే నిలిచి, మిగిలిన కాలమంతా దక్షిణానికి వాలి ఉంటాడు. కనుక దక్షిణపు వాకిలి గల ఇంటికి ఉత్తరాన ఉండే పెరట్లో, డిసెంబరు నెలలో పది అడుగుల గోడ నడిమధ్యాహ్నం కూడా ఎనిమిది అడుగుల నీడ పరుస్తుంది. మే నెలలో అదే గోడ మిట్టమధ్యాహ్నానికి తన మొదట కూడా నీడ ఇవ్వలేదు. ఈ సంగతి ఎమ్మిగనూరు పాఠశాలలో ఇరవయ్యేళ్లు భూగోళం బోధించినవారికైనా సొంత పెరటి దగ్గరకు వచ్చేసరికి గుర్తుకు రాదు. చలికాలపు చీకటిని శాశ్వతమని నమ్మి నీడలో బతికే మొక్కలను కొనడం అతని మొదటి చర్య కాగా, ఆ మొక్కలు చీకటిలో దిగులుపడుతున్నాయని జాలిపడి వేపకొమ్మలు కొట్టించడం రెండవది. ఈ రెండు చర్యలకూ పొత్తు కుదరదని ఇంట్లో అందరికీ తెలుసు. "యాపమాను మీద చెయ్యేస్తే ఈపొద్దు రొట్టె ల్యా, సంగటి ల్యా" అని ఇల్లాలు హెచ్చరించిన రోజున అతను ఆదోనిలో పని ఉందని చెప్పి, ఆమె గుడికి వెళ్లిన రోజున గొడ్డలి మనిషిని పిలిపిస్తాడు. మే నెల వచ్చేసరికి కొమ్మలు పోయిన చోటునుంచి ఎండ నిటారుగా దిగి, నీడమొక్కలను వారం రోజులలో వరుగులు చేస్తుంది.

శాస్త్రీయ దృష్టి ఇతనికి పుష్కలంగా ఉంటుందని ఒప్పుకోక తప్పదు. భూసార పరీక్షకు మట్టి సేకరించే పద్ధతి ఒకటి రైతులందరికీ తెలిసినదే: పొలంలో వంకరటింకరగా నడుస్తూ, ఎకరాకు ఎనిమిది పది చోట్ల 'వి' ఆకారపు గుంతలు జానెడు లోతున తీసి, గుంత గోడలనుంచి పలుచని పొరగా చెక్కిన మట్టినంతటినీ ఒకచోట కలిపి, దాన్ని నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలను పారవేస్తూ చివరికి అరకిలో మిగిలేదాకా తగ్గించుకుంటూ పోవాలి. పెరటి సంస్కర్త ఈ పద్ధతిని అక్షరం పొల్లుపోకుండా పాటిస్తాడు. పది అడుగుల జాగాలో వంకరటింకరగా నడవబోయి బట్టల దండేనికి మెడ తగిలించుకొని, పది గుంతలు తవ్వి, మిగిలిన అరకిలో మట్టిని గుడ్డసంచిలో కట్టి, ఎమ్మిగనూరు దగ్గరి బనవాసి కృషి విజ్ఞాన కేంద్రానికి రేపే తీసుకుపోతానని ప్రకటిస్తాడు. ఆ సంచి రెండేళ్లుగా నీళ్ల డ్రమ్ము మూత గాలికి ఎగిరిపోకుండా బరువుగా పనికివస్తున్నది. గుంతలు పూడ్చలేదు.

ఇక బండల విషయం. ఈ జిల్లాలవారికి బేతంచెర్ల నాపరాయి ఇంటి నేలకూ, అరుగుకూ, బట్టలు ఉతికే చోటుకూ కొత్తది కాదు. అయితే నల్లరేగడి నేల వానకు తడిసి ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోయి నెర్రెలు విచ్చుతుంది. కనుక పైమట్టిని తీసివేసి, గరుసు, అనగా గులకతో కూడిన గట్టి మట్టిని నింపి, దిమ్మిస కొట్టిన తరువాతనే బండలు పరచాలి. మేస్త్రీలందరూ చెప్పే ఈ మాటను పెరటి సంస్కర్త ఖర్చు పెంచే ఉపాయంగా భావిస్తాడు. మొదటి వానాకాలానికి బండలు తలా ఒక దిక్కుకు ఒరిగి, రెండవ వానాకాలానికి వంటింటి గడప కన్నా పైకి లేచి, ఇంటిలోకి నీళ్లు పంపుతాయి. "ఎత్తేది సులువే సారూ, మళ్లీ కూచోబెట్టేదే కష్టం" అని మేస్త్రీ నిట్టూర్చినప్పుడు, ఈసారి నడుమ పచ్చిక పెంచుదామని అతను ఉత్సాహంగా బదులిస్తాడు. ఎండ చాలని చోట గరిక కూడా చిక్కగా పెరగదన్న సంగతి తరువాతి ఏటికి వాయిదా పడుతుంది.

జపాను దేశంలోని క్యోటో నగరంలో సైహోజి అనే బౌద్ధాలయం ఉంది. దాని తోటలో చెట్ల నీడన నేలంతా నూరుకు పైగా రకాల పాచి తివాచీలా పరచుకొని ఉంటుంది. దాని బొమ్మను ఒకనాటి రాత్రి చూసిన ఫలితంగా, మరునాటి ఉదయం కౌతాళంలో ఒక ఇంట పాచి పెంపకం ప్రారంభమైంది. క్యోటోలో కురిసే వానలో సగమైనా ఇక్కడ కురవదన్న చిక్కును అతను కొళాయి గొట్టంతో పరిష్కరించాడు. పాచి పట్టడానికి పెరట్లో అనువైన చోటు స్నానాల గది ముందరి బండ ఒక్కటే. అతను మజ్జిగ చల్లి పెంచిన పాచిని ఇల్లాలు ప్రతి శుక్రవారం ఇటుకపొడి వేసి కొబ్బరిపీచుతో తోమింది. ఈ పోరు మూడు నెలలు సాగి, అతనే ఆ బండ మీద జారి మోకాలు విరగకుండా తప్పించుకొన్న రోజున ముగిసింది. తరువాత కట్టించిన తామర తొట్టి రెండు వారాలు నిలిచింది. ఎండ లేనిచోట తామర పూయదన్న ఆక్షేపణకు అవకాశం రాకముందే తొట్టి పగిలి నీళ్లు పోయాయి. అది 2024 ఆగస్టు నెల కావడం అతనికి కలిసివచ్చింది. హొస్పేట దగ్గర తుంగభద్ర ఆనకట్ట 19వ గేటే కొట్టుకుపోగా లేనిది, రెండు సంచుల సిమెంటుతో కట్టిన తొట్టిని గురించి ఇంత రచ్చ దేనికని అతను అడిగిన ప్రశ్నకు ఇంట్లో ఎవరూ జవాబు చెప్పలేకపోయారు.

ప్రతి సంస్కరణకూ శ్రావణ మాసమే గడువు. మండలంలోని ఉరుకుంద ఈరన్న స్వామి దర్శనానికి శ్రావణంలో కర్ణాటక వైపునుంచి కూడా జనం తరలివస్తారు కనుక, కౌతాళంలో చుట్టాలు దిగని ఇల్లుండదు. వారికి కొత్త పెరటిని చూపాలన్నది సంస్కర్త కోరిక, ఆ రోజులలోనే పెరడు పూర్తిగా తవ్వి ఉండడం అతని ప్రారబ్ధం. వచ్చినవారు తలకట్టు మీది బియ్యపు మూటలా తమను తాము నిలుపుకొంటూ పలకల మీదుగా స్నానాల గదికి నడుస్తారు. అయినా మనిషి మీద ఎవరికీ కోపం రాదు. నడిరాత్రి చినుకు పడితే దుప్పటి కప్పుకొని లేచి, నారుకుండీలను ఒక్కొక్కటిగా చూరు కిందికి చేర్చి, పొరుగింటివారి కుండీలు బయట ఉంటే గోడ దూకి వాటినీ చేర్చే మనిషి మీద కోపం నిలవదు. పిల్లల పెళ్లిళ్ల సంగతి అడిగితే తడబడేవాడు, కనకాంబరం నారు అడిగితే తడి గుడ్డలో చుట్టి ఇంటికి తెచ్చి ఇస్తాడు.

రాష్ట్రానికి అటు చివరనున్న గోదావరి ఒండ్రునేలల్లో, కడియం నర్సరీలలో పెరిగిన మొక్కలను ఆటోలలో తిప్పి అమ్మేవారికి ఇతని ఇల్లు బాగా తెలుసు. ఆ మొక్కలు సున్నం పాలు ఎక్కువైన ఇక్కడి నేలలో నాటిన కొద్ది రోజులకే, ఈనెలు ఆకుపచ్చగా మిగిలి ఆకంతా పసుపుబారుతాయి. నేలలో ఇనుము ఉండి కూడా మొక్కకు అందకపోవడం వల్ల వచ్చే లోపం అది. పెరటి సంస్కర్త దానికి మందుగా తుప్పుపట్టిన మేకులు పాతుతాడు. వాటిని తొక్కేది అతనే.

ఈ సుదీర్ఘ చరిత్రలో ఏ ప్రణాళికలోనూ చోటు దొరకనిది తూము దగ్గరి మూల. అంట్లు కడిగిన నీళ్లు పారే ఆ మూలన ఇల్లాలు ఎప్పుడో గుచ్చిన చేమదుంప ఏనుగు చెవులంత ఆకులు వేసింది. కరివేపాకు గోడ దాటింది. వేప మొదట అల్లుకొన్న తమలపాకు తీగ, సాధారణంగా ఆకుతోటలలో అవిసె చెట్ల నీడన పెంచే తీగే, ఎవరి సలహా లేకుండానే ఇక్కడ వర్ధిల్లుతున్నది. నాలుగు పసుపు కొమ్ములు కూడా మొలిచాయి. నీడపెరటికి ఏమి తగునన్న ప్రశ్నకు జవాబంతా ఆ మూలన ఉన్నది. చుట్టాలు వచ్చి పెరటిని మెచ్చుకొన్నప్పుడల్లా వారి చూపు నిలిచేది అక్కడనే. సంస్కర్త దాన్ని 'తొలగించవలసిన భాగం' అని కాగితం మీద గీతలు గీసి పెట్టుకొన్నాడు. భోజనానంతరం తాంబూలానికి ఆకులు కోసుకొనేదీ అక్కడే.

ఇటీవల ఇల్లాలు గడ్డపారనూ పారనూ అటక మీద పెట్టి తాళం వేసింది. సంస్కర్త అభ్యంతరం చెప్పకపోవడం ఆమెకు వింతగా తోచింది. కారణం గత ఆదివారం ఆదోనిలో, వియ్యంకుల ఇంట బయటపడింది. ఆ ఇంటి వెనుక కూడా, రెండు గోడల నడుమ, ఒక చిన్న నీడపెరడు ఉన్నది. "అన్నా, అన్నం చల్లారిపోతాంది" అని వియ్యపురాలు మూడవసారి పిలిచేటప్పటికి, ఆయన జేబులోనుంచి తీసిన కొలత టేపు రెండవ కొస పట్టుకొని వియ్యంకుడు ప్రహరీ మూలన నిలబడి ఉన్నాడు.