మొహమాటపు రేకులు

కాకినాడ దాటి ఉప్పాడ తీరంలో పడవ ఒక పక్కకి ఒరిగితే దానికి మందు సరంగు నోట్లోనే ఉంటుంది. "ఒరే లావుపాటోడా, ఆ పక్కకి జరుగు" అని ఒక్క కేక వేస్తాడు. లావుపాటివాడు జరుగుతాడు, పడవ చక్కబడుతుంది, ఎవరూ నొచ్చుకోరు. ఫ్లోరిడాలో, మా టాంపా బే మీద అది కుదరదు. ఎదుటివాడి బరువు గురించి నోరెత్తితే పండగ పిలుపులు ఆగిపోతాయి. అందుకే కాబోలు, ఇక్కడి పడవలకి వెనక అంచున, అడుగుకి దగ్గరగా, కుడికొకటి ఎడమకొకటి స్టీలు రేకులు బిగించి, వాటిని మోటారుతో దించే ఏర్పాటు చేశారు. ట్రిమ్ ట్యాబ్‌లంటారు వీటిని. కనిపెట్టినవాళ్లు ఏమనుకుని కనిపెట్టారో గానీ, నా లెక్కలో ఇవి మొహమాటం కోసం పుట్టిన యంత్రాలే.

పని తీరు తేలికే. పడవ వేగమందుకున్నాక రేకు కిందికి దిగితే, కింద పరిగెత్తే నీరు దాన్ని పైకి నెడుతుంది. కుడి రేకు దింపితే కుడి వెనక భాగం లేస్తుంది. రెండూ దింపితే ముక్కు వంగుతుంది. ఆ వంగడం మాకు చాలా అవసరం. టాంపా బే చూపుకి ఎంత పెద్దదైనా సగటు లోతు 12 అడుగుల దగ్గరే. ఆ కాస్త నీటి మీద మధ్యాహ్నం గాలి లేచిందంటే అలలు పొట్టిగా, నిటారుగా, ఒకదాన్నొకటి తరుముకుంటూ వస్తాయి. ముక్కు వంచి కోసుకుంటూ పోకపోతే ఇంటికొచ్చాక నడుముకి జండూబామే గతి. అలాగని వెనక నుంచి అలలు తరుముతున్నప్పుడు ముక్కు వంచామా, అది నీళ్లలో గుచ్చుకుని పడవ అడ్డం తిరుగుతుంది.

నా 20 అడుగుల సెకండ్‌హ్యాండ్ పడవ ఒరగడానికి శాస్త్రీయమైన కారణాలు చాలా ఉన్నాయి. పక్కగాలి కొడితే, దాన్ని కాచుకోవడానికి స్టీరింగు తిప్పుతాం కదా, ఆ దెబ్బకి గాలి వచ్చే వైపే వాలుతుంది. ఎర చేపల తొట్టి నిండితే అటు వాలుతుంది. మా బావమరిది కుడి పక్కన కూర్చోవడం ఇంకో కారణం. ఇంట్లో ఎవరూ దాన్ని కారణాల్లో చేర్చరు. "ఇవాళ గాలి గట్టిగా ఉంది బావా" అంటాడు వాడు, ఆకు కదలని రోజున.

అలాంటిది, సరిగ్గా ఆ కుడి పక్క రేకే పడకేసింది. రేకుని ఆడించే యాక్చుయేటరంటే ఒక గొట్టం. లోపల చిన్న మోటారు, పళ్లచక్రాలు, ఒక మరచుట్టు. కరెంటు తగిలితే స్టీలు కడ్డీ రెండంగుళాల పైచిలుకు బయటికొచ్చి రేకుని తోస్తుంది. వచ్చే జబ్బు సాధారణంగా ఒకటే. సీలు అరిగి ఉప్పునీళ్లు లోపలికి పోతాయి. తేల్చుకోవడమూ తేలికే. తీగలు తెంపి నేరుగా 12 వోల్టుల బ్యాటరీకి తగిలించాలి. కడ్డీ కదిలితే తప్పు స్విచ్చిదో తీగలదో, కదలకపోతే గొట్టానిది. మాది కదల్లేదు. తిరగేస్తే గొట్టంలోంచి కాఫీ డికాక్షన్ రంగు నీళ్లు కారాయి. ఒకటి పోయాక రెండోది ఎన్నాళ్లో ఉండదని రెండూ మార్చేద్దామన్నాను. "రెండోది బాగానే ఉందిగా?" అంది మా ఆవిడ. ఇది మా ఇంట్లో చెప్పుల నుంచి టైర్ల దాకా నడుస్తున్న పాత వ్యాజ్యం కాబట్టి వదిలేస్తున్నాను.

ఆ సమయానికి మా అత్తగారూ మామగారూ కాకినాడ నుంచి వచ్చి ఉన్నారు. మామగారిది ఉప్పాడ. జీవితమంతా లెక్కలు చెప్పినా, పడవల మధ్య పెరిగిన మనిషి. డ్రైవ్‌వేలో ట్రైలర్ పక్కన కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. "అణియం వంగడానికి అమరాన రేకులేమిటి అల్లుడుగారూ?" అని అడిగి, నా సమాధానం విని, "ఊఁ" అన్నారు. ఆ "ఊఁ"లో నాకు నూటికి ముప్ఫై అయిదు వేశారు.

మరలు ఊడాయి, బ్రాకెట్టు ఊడలేదు. ముందు యజమాని దాన్ని పాలీయురెథేన్ జిగురుతో అతికించాడు. ఆ రకం ట్యూబు మీద 'శాశ్వతం' అనే రాసి ఉంటుంది. హీట్‌గన్నుతో వేడి చేస్తూ, పల్చటి బ్లేడుతో కొంచెం కొంచెంగా కోస్తుంటే అంగుళానికో యుగం పట్టింది. మామగారు చాలాసేపు చూసి, "ఈ జిగురేదో మా ఊళ్లో ఇళ్లకి పూసుంటే సముద్రం పట్టుకుపోయేది కాదు" అన్నారు. కోత తిన్న ఊరివాళ్లకి మాత్రమే చెల్లే జోకు అది. నవ్వాలో వద్దో తెలియక బ్లేడు మార్చాను.

అసలు చిక్కు తీగ దగ్గర వచ్చింది. అది పడవ వెనక గోడకున్న చిన్న రంధ్రంలోంచి లోపలికి దూరి, గొట్టాలూ పంపులూ తప్పించుకుంటూ ఎక్కడికో పోతుంది. నేను అడుగు మూత ఎత్తి, నడుం దాకా లోపలికి దిగి, మిగతా భాగాన్ని వీధికి వదిలేశాను. పాత తీగ లాగేస్తే కొత్తది ఆ దారిన ఎలా వెళుతుందన్నది నా ప్రశ్న. లోపలి నుంచి అడగడం వల్ల అది అందరికీ మూలుగులా వినపడిందట. మా అత్తగారు మాత్రం అర్థం చేసుకున్నారు. "లంగాకి బొందు మార్చినట్టే కదా బాబూ. పాతదాని చివర కొత్తది కట్టి లాగండి" అన్నారు. పాత తీగకి పురికొస కట్టి బయటికి లాగాను. దారంతా పురికొస పరుచుకుంది. దానికి కొత్త తీగ కట్టి బావమరిది లోపలికి లాగాడు. ఇంత పనికి యూట్యూబులో ఒకాయన నలభై నిమిషాలు మాట్లాడాడు.

మిగతాది గబగబా అయిపోయింది. పాత మరల రంధ్రాల్లో నీరు దిగితే గోడ లోపలి చెక్క కుళ్లుతుంది కాబట్టి ప్రతి రంధ్రానికీ జిగురు నింపాను, ఈసారి మళ్లీ ఊడే రకం. అతుకుల మీద జిగురు పూతున్న గొట్టాలు తొడిగి వేడి చేసి ముడిచాను.

స్విచ్చి దగ్గర మాత్రం ఇంట్లో తిరుగుబాటు వచ్చింది. నేను ఎడమ మీట నొక్కాను. వెనక నిలబడ్డ మామగారు, "కుడిది కదిలింది. తీగలు తారుమారు" అని తీర్పు చెప్పారు. బావమరిది కటింగ్ ప్లేయరు అందుకున్నాడు. అది అంతే ఉండాలని, మీట చెప్పేది వెనక రేకు సంగతి కాదని, ముక్కు ఏ వైపు వంగాలో చెబుతుందని, కుడి వెనక లేస్తే ఎడమ ముక్కు దిగుతుందని సుద్దముక్కతో నేల మీద బొమ్మ గీసి మరీ చెప్పాను. "ఊఁ" అన్నారు. ఈసారి నలభై.

ఆదివారం నీళ్ల మీదికి వెళ్లాం. బావమరిది తన అలవాటు ప్రకారం కుడి పక్కన, పునుకుల డబ్బాతో సహా కూర్చున్నాడు. పడవ అటు వాలింది. ఎడమ మీట నొక్కాను. కుడి పక్క మెల్లగా లేచి, పడవ చక్కబడింది. "గాలి తగ్గింది బావా" అన్నాడు వాడు.

మామగారు ఇది గమనించారు. బక్కపల్చటి మనిషి. నడిమి సీటులోంచి లేచి, ఎడమ అంచుకి వెళ్లి, పంచె సర్దుకుని కూర్చుని నావైపు చూశారు. పడవ ఏమీ పట్టించుకోలేదు. ఆయన చూస్తూనే ఉన్నారు. నేను ఎడమ మీట ఇంకాస్త నొక్కాను. పడవ ఆయన వైపు పద్ధతిగా ఒరిగింది.

"చూశావటే?" అన్నారు ఆయన అత్తగారితో.