నాలుగు మెట్లు ఎక్కించండి, చూద్దాం

మొన్నటి ప్రకటన మీరూ చూసే ఉంటారు. ఏ త్రీడీ బొమ్మకు కుట్టిన బట్టయినా సరే, ఏ సాఫ్ట్‌వేర్‌లోని బొమ్మకైనా ఒక్క క్లిక్కుతో తొడిగేస్తారట. చాలా సంతోషం. మా వీధి టైలరుకు ఇంత ధైర్యం లేదు పాపం. ముప్పై ఏళ్ళుగా కుడుతూ కూడా ఇప్పటికీ ఆది జాకెట్టు తెమ్మంటాడు.

వీళ్ళకు ఆదితో పనిలేదు, టేపుతో అసలే లేదు. ఒక సాఫ్ట్‌వేర్‌ది సెంటీమీటర్ల లెక్క, ఇంకోదానిది మీటర్లు. ఆ ముక్క ఒకదానికొకటి చెప్పుకోకపోతే 170 సెంటీమీటర్ల అమ్మాయి 170 మీటర్లవుతుంది. నాగార్జునసాగర్ ఆనకట్ట ఎత్తే 124 మీటర్లు. పోనీ నిలబడుతుందా అంటే, మాయా అనే సాఫ్ట్‌వేర్‌లో పైకి చూసేది వై అక్షం, బ్లెండర్‌లో జెడ్. లెక్క తప్పితే మహాతల్లి పడుకునే దిగుతుంది. బొమ్మను లోపల్నుంచి కదిలించే ఎముకల పేర్లా, ఏ ఇంటివి ఆ ఇంటివే. సరే, ఇవన్నీ సర్దుకోవచ్చు.

నా గొడవంతా చీర గురించి.

ప్రకటనలో బొమ్మ టీషర్టు వేసుకుంది. ఒంటికి అతుక్కున్న బట్ట, ఒంటితోపాటే కదులుతుంది. క్లిక్కు చేసే ఘనకార్యం కూడా అదే: బట్టలోని ప్రతి చుక్కకూ దగ్గర్లో ఒంటి మీద ఏముందో చూసి, దాని వెయిట్స్, అంటే ఏ ఎముక ఎంత లాగాలనే లెక్క, దీనికి అంటగట్టడం. ఇప్పుడు చీర కట్టండి. కుచ్చిళ్ళలో ఎడమ సగం ఎడమ తొడకు, కుడి సగం కుడి తొడకు పోతాయి. అమ్మాయి ఒక్క అడుగు వేస్తుంది. చీర ప్యాంటవుతుంది.

వేలాడే పైటకు దగ్గర్లో దొరికేది చెయ్యి. ఆవిడ నమస్కారం పెడితే పైట కూడా లేచి నమస్కారం పెడుతుంది.

కుచ్చిళ్ళు మడత మీద మడత. కదిలిస్తే వెనక మడత ముందు మడతను చీల్చుకుని బయటికొస్తుంది. మూడు రాత్రులు కూర్చుని మడత మడతకూ చేత్తో వెయిట్స్ దిద్దాను. నాలుగో రోజు ఇంకో సాఫ్ట్‌వేర్‌లోకి పంపాను. చుక్కకు నాలుగు ఎముకలు మించకూడదని అది మిగతావి కత్తిరించి పారేసింది. కుచ్చిళ్ళు మళ్ళీ ప్యాంటు.

ఇక వెటకారం చాలు. ఈ తేడాలు ఆకాశం నుంచి ఊడిపడలేదు. బొమ్మల్ని ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి మోసే ఎఫ్‌బీఎక్స్ ఫార్మాట్ ఒక కంపెనీ సొత్తు. అలెంబిక్ అనే ఇంకో ఫార్మాట్ కదలికను మోస్తుంది గానీ ఎముకల్ని మోయదు. డాజ్ అనే సాఫ్ట్‌వేర్‌లో 2017 నాటి జెనెసిస్ 8 బొమ్మ ఒళ్ళు వేరు, 2022 నాటి జెనెసిస్ 9 ఒళ్ళు వేరు. పాత బట్ట కొత్త ఒంటికి మళ్ళీ సర్దాల్సిందే. ఎవరి దొడ్డికి వాళ్ళు కంచె వేసుకుని, ఆ కంచె దాటించడానికి గుండీ అమ్ముతున్నారు. ఆ గుండీ వదిలేసిన పని రాత్రిళ్ళు చేసేది బొమ్మలకు ఎముకలు అమర్చే మా రిగ్గింగ్ కుర్రాళ్ళు. పొద్దున్నే క్లయింటు ఫోను: "ఒక్క క్లిక్కే కదా, ఇంత రేటెందుకండీ?" కూలి తగ్గేది మాకు, పేరొచ్చేది క్లిక్కుకు. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే.

మా అమ్మ మెట్లెక్కేటప్పుడు కుచ్చిళ్ళు రెండు వేళ్ళతో కాస్త పైకి పట్టుకుని, పైమెట్టు చేరగానే వదిలేస్తుంది. అయ్యా ప్రకటనదారులూ, మీ బొమ్మకు చీర కట్టి నాలుగంటే నాలుగు మెట్లు అలా ఎక్కించండి. క్లిక్కులు ఎన్నయ్యాయో మేం లెక్కపెడతాం.