దొరగారి పునరాగమనం: సటీకా తాత్పర్యం

మెదకు సీమ కొల్చారం వాడైన మల్లినాథసూరి కాళిదాస కావ్యాలకు వ్యాఖ్యానం మొదలుపెడుతూ రెండు ఒట్లు పెట్టుకున్నాడు. మూలంలో లేనిది రాయనని ఒకటి, అక్కర్లేనిది చెప్పనని ఇంకొకటి. నేను వ్యాఖ్యానించబోయేది కాళిదాసును కాదు. టోక్యోలో అకిహబరా స్టేషన్‌కు కూతవేటు దూరంలో, నలుగురు ఎక్కితే ఊపిరాడని లిఫ్టులో అయిదో అంతస్తుకు చేరిన తర్వాత చెవిన పడిన ఒక్క వాక్యాన్ని. కాబట్టి ఆ రెండు ఒట్లూ తీసి గట్టున పెట్టాను.

అవతారిక: ఈ వ్యాఖ్యానానికి హేతువు మా తోడల్లుడు. బ్యాంకులో ముప్ఫయ్యేళ్ళు చేసి రిటైరైన మనిషి. నరిత విమానాశ్రయంలో దిగిన దగ్గర్నుంచి ఏది కనబడినా ఒక్క క్షణం కళ్ళు మూసుకుని, “పైపైన చూస్తే అర్థం కాదన్నయ్యగారూ, వీళ్ళ కల్చర్‌లో చాలా డెప్త్ ఉంది” అంటాడు. టాయిలెట్ మూత దానంతటదే లేస్తే డెప్త్. వీధిలో చెత్తబుట్ట కనబడకపోతే డెప్త్. చువొ-దోరి రోడ్డు పక్కన నల్ల గౌనూ తెల్ల ఏప్రానూ వేసుకుని, తలకు లేసు పట్టీ కట్టుకున్న అమ్మాయి చలిలో నిలబడి కాగితాలు పంచుతుంటే ఒకటి అందుకున్నాడు. “శతాబ్దాల ఆతిథ్య సంప్రదాయమండీ, చూసి తీరాలి” అన్నాడు. మా ఆవిడా మరదలూ కాళ్ళు పీకుతూ వెంట నడిచారు. లోపల కుర్చీలుంటాయన్న నమ్మకం ఒక్కటే వాళ్ళను నడిపించింది.

ఆ శతాబ్దాల సంగతి ముందు తేల్చేస్తాను. అకిహబరా యుద్ధం తర్వాత రేడియో విడిభాగాల దొంగబజారుగా పెరిగి, ఫ్రిజ్‌లూ టీవీలూ అమ్మి, తర్వాత కంప్యూటర్లకు, ఆపైన బొమ్మల సినిమాల పిచ్చివాళ్ళకు నెలవైన పేట. 1998లో ఒక ప్రదర్శనలో ఒక కంప్యూటర్ గేమ్‌లోని హోటల్‌ను తాత్కాలికంగా కట్టి, అందులోని యూనిఫారాలు అమ్మాయిలకు వేసి వడ్డింపజేశారు. పట్టుమని నిలబడ్డ మొదటి మెయిడ్ కెఫే, దాని పేరు క్యూర్ మెయిడ్ కెఫే, 2001 మార్చిలో తెరిచారు. మా తోడల్లుడి కొడుకు 1996లో పుట్టాడు. అంటే శతాబ్దాల సంప్రదాయం వాడికన్నా అయిదేళ్ళు చిన్నది. ఆ గౌనైనా జపాన్‌ది కాదు. విక్టోరియా రాణి నాటి ఇంగ్లండు ఇళ్ళల్లో పనికత్తెలది. ఇదంతా నేను చెబితే ఆయన కళ్ళు మూసుకుని, “అదేనండీ డెప్త్” అన్నాడు.

మూలం: ఒకాయెరి నసైమాసె, గోషుజిన్‌సమా!

ప్రతిపదార్థం: గోషుజిన్‌సమా, ఓ దొరగారూ, ఒకాయెరి నసైమాసె, ఇంటికి తిరిగి వేంచేశారా! తక్కినది సుగమం. (వ్యాఖ్యాత ‘సుగమం’ అని ఎక్కడ రాస్తే అక్కడ ఆయనకు అర్థం కాలేదని గుర్తుపెట్టుకోవాలని మా గురువుగారు చెప్పేవారు.)

విశేషాలు: షుజిన్ అంటే యజమాని, మొగుడు కూడా. ఇందులో మనం ఆశ్చర్యపోవాల్సిందేమీ లేదు. పతి అన్న ఒక్క మాటతో భూమికీ సేనకూ పెళ్ళానికీ కలిపి సరిపెట్టుకున్నవాళ్ళం. కాకపోతే, మెడలో మంగళసూత్రంతో పక్కన నిలబడ్డ మనిషి వింటుండగా పద్దెనిమిదేళ్ళ పిల్ల ఆ మాటతో పిలిస్తే, ఏ అర్థం తీసుకోవాలో ప్రకరణాన్ని బట్టి త్వరగా తేల్చుకోవడం క్షేమం. ఆడవాళ్ళను మాత్రం ‘ఒజోసమా’ అంటారు, చిన్నమ్మాయిగారూ అని. యాభై రెండేళ్ళ మా మరదలు ఆ మాట విని, “బావగారూ, ఈ ఊళ్ళో మర్యాద తెలిసిన మనుషులున్నారు” అని మొదటిసారిగా జపాన్‌ను మెచ్చుకుంది. కాయెరు అంటే తిరిగి రావడం. అదే శబ్దానికి కప్ప అని కూడా అర్థం. అందుకే ప్రయాణం వెళ్ళినవాళ్ళు క్షేమంగా తిరిగి రావాలని అక్కడ కప్ప బొమ్మల తాయెత్తులు అమ్ముతారు. బావిలోంచి వచ్చిన కప్పకు ఈ స్వాగతం మరీ తగినదని నా అభిప్రాయం; నన్నూ కలుపుకునే అంటున్నాను.

ఇక్కడొక ఆక్షేపం. తిరిగి రావాలంటే ముందు వెళ్ళి ఉండాలి. నేనెన్నడూ ఈ అయిదో అంతస్తు నుంచి బయటికి వెళ్ళిన పాపాన పోలేదు. మరి వచ్చానని ఎలా అంటారు?

ఈ ఆక్షేపం చిన్నది కాదు. జపాన్ ఇంటి గడప దగ్గర నాలుగు మాటలున్నాయి. వెళ్ళేవాడు ‘ఇత్తె కిమస్’ అంటాడు. ఉన్నవాళ్ళు ‘ఇత్తె రష్షై’ అంటారు. వచ్చినవాడు ‘తదైమా’, అంటే ‘ఇప్పుడే’ అంటాడు. ఉన్నవాళ్ళు ‘ఒకాయెరి’ అంటారు. మొదటి మాట చూడండి. ఇత్తె, వెళ్ళి, కిమస్, వస్తాను. వెళ్ళి వస్తాను! కాలు బయట పెడుతూనే రాకను కలిపి చెప్పడం మనకొక్కరికే తెలుసనుకుంటూ అరవయ్యేళ్ళు బతికాను.

కొత్తపేటలో మా నాయనమ్మ దగ్గర ‘వెళ్తాను’ అంటే కుదిరేది కాదు. “వెళ్తానేమిట్రా అప్రాచ్యుడా, వెళ్ళొస్తాననూ” అని వీధి అరుగు మీంచి కేకేసేది. ఒకసారి నేను గేటు దాకా వెళ్ళి గొడుగు మరిచిపోయి వెనక్కొచ్చాను. వచ్చినవాణ్ణి వచ్చినట్టు పోనివ్వలేదు. కూర్చోబెట్టింది, మరచెంబుతో మంచినీళ్ళు తాగించింది, మళ్ళీ ‘వెళ్ళొస్తాను’ అనిపించింది. ఈలోగా రావులపాలెం బస్సు వెళ్ళిపోయింది. ఆ బస్సు ‘వెళ్ళొస్తాను’ అనలేదు గనక ఆ పూటకు మళ్ళీ రాలేదు.

ఇంతటితో ఆగదు. ఆ ‘తె’ ఉన్నదే, అది మన క్త్వార్థకం పక్కన పీట వేసుకుని కూర్చుంటుంది. తబెతె మిరు అంటే తిని చూడు. నోటితో తినేదాన్ని కంటితో చూడమనడమేమిటని ఇంగ్లీషువాడు అడగొచ్చు. మనల్ని గానీ జపాన్ వాణ్ణి గానీ అడిగితే జాలిగా చూస్తాం. షితె మిరు, చేసి చూడు. షితె ఒకు, చేసి ఉంచు. కర్త ముందు, కర్మ నడుమ, క్రియ చివర. ఎంత పొడుగు వాక్యమైనా ఆఖరి మాట దాకా ఎవరు ఏం చేశారో తెలియనివ్వని ఓర్పు రెండు భాషలకూ ఉంది. ఓనో సుసుము (1919–2008) అనే జపాన్ పండితుడు తమ భాషకు తమిళంతో చుట్టరికం ఉందని పుస్తకాలే రాశాడు. భాషాశాస్త్రజ్ఞుల్లో చాలామంది ఒప్పుకోలేదు, ఒప్పుకోకపోవడమే న్యాయం కావచ్చు. నా బాధ అది కాదు. అంత దూరం వచ్చినవాడు చెన్నపట్నంలో ఆగిపోయాడు. ఇంకొక్క రాత్రి ప్రయాణం చేసి గోదావరి దాటి ఉంటే మా నాయనమ్మ మంచినీళ్ళిచ్చి, చుట్టరికం ఏ వైపు నుంచో కలిపి చెప్పేది.

ఎక్కడున్నాం? ఆమ్లెట్ చల్లారిపోతోంది.

సమాధానం: వెళ్ళకుండా తిరిగి రావడం పూర్వజన్మ వాసన చేత సంభవిస్తుంది. దీనికి ఆధారం శ్లేష. ఇంగ్లీషు మెయిడ్ జపాన్ నోట్లో ‘మేయిదో’ అవుతుంది. అదే ఉచ్చారణతో, వేరే లిపి చిహ్నాలతో, వాళ్ళకు పాత మాట ఒకటుంది: మేయిదో, పరలోకం, పోయినవాళ్ళు పోయే చోటు. ‘మేయిదోకు పట్టుకుపోయే కానుక’ అని జాతీయం కూడా ఉంది. ఇది చూశాను గనక ఇక పోయినా చింత లేదు అన్నప్పుడు వాడతారు. ఈ శ్లేష మీద జపాన్ వాళ్ళు వేసుకోని జోకు లేదు. కాబట్టి మేము ఎక్కిన లిఫ్టు ఏ మేయిదోకు పోతోందో పైకి చేరేదాకా తెలియలేదనడంలో దోషం లేదు.

ఇక మంత్రభాగం. పళ్ళెంలో కెచప్ కలిపిన అన్నం, దాని మీద దుప్పటి కప్పినట్టు ఆమ్లెట్. దీన్ని ‘ఒమురైస్’ అంటారు. ఆ అమ్మాయి మోకాళ్ళ మీద వంగి, కెచప్ సీసాతో దాని మీద పిల్లి బొమ్మ వేసి, రెండు చేతులతో గుండె ఆకారం పట్టి, మమ్మల్నీ పట్టమని, “ఒయిషికు నరె, మొఎ మొఎ క్యున్” అంది. అనమంది కూడా. ఒయిషికు నరె, రుచిగా అవ్వు, ఇది సంప్రార్థనార్థకం. మొఎకు మూలార్థం మొలకెత్తడం. ముద్దొచ్చే బొమ్మను చూస్తే లోపల ఏదో చివురించడమని లక్ష్యార్థం. 2005లో ఆ దేశపు ఏటేటి వాడుకమాటల పోటీలో మొదటి పదింట్లో నిలిచింది. భరతుడి ఎనిమిది రసాల్లో ఇది ఎక్కడ చేరుతుందని మా తోడల్లుడు అడిగాడు. శృంగారమనడానికి ధైర్యం చాలదు, వాత్సల్యమనడానికి మనస్సాక్షి ఒప్పుకోదు. ఛందస్సు మాత్రం నిర్దుష్టం: ఆరు లఘువులు ఒక పాదం, నాలుగు లఘువులూ ఒక గురువూ రెండో పాదం, అటూ ఆరు మాత్రలే ఇటూ ఆరు మాత్రలే, రూపకతాళంలో చక్కగా కూర్చుంటుంది. నేను తాళం వేసుకుంటూ అనేశాను. మంత్రం తర్వాత కూడా ఆమ్లెట్ రుచి ఆమ్లెట్ రుచే.

మూలంలో లేనిది ఒకటి ఇక్కడ చెప్పాలి. పిల్లి మీసాలు గీస్తున్నంతసేపూ ఆ అమ్మాయి ఎడమ మడమను బూటులోంచి సగం బయటికి తీసి ఉంచింది. మేజోడు లోపల మడమ మీద ప్లాస్టర్, దాని అంచు పైకి లేచి ఉంది. మీసాలు అయిపోగానే మడమ లోపలికి తోసి, గుండె పట్టి, క్యున్ అంది. ముఖంలో తేడా లేదు.

బల్ల మీద ఇంగ్లీషులో అచ్చేసిన నిబంధనల కార్డొకటి ఉంది. దొరగారు పనివాళ్ళను తాకరాదు. ఫోటో తీయరాదు. ఫోన్ నంబరు అడగరాదు. ఎన్నింటికి డ్యూటీ దిగుతావని అడగరాదు. బయట కాపు కాయరాదు. గంట దాటితే దొరగారు మళ్ళీ ప్రవేశ రుసుము కట్టవలెను. మీమాంసకులు ఒక మాట అంటారు: ప్రసక్తి లేని చోట నిషేధం పుట్టదు. ఆకాశంలో వంట చేయకూడదని ఏ శాస్త్రమూ రాయదు, ఎవడూ చేయడు గనక. ఈ న్యాయంతో చదివితే ఆ కార్డులో ఒక్కో వాక్యం వెనక ఒక్కో దొరగారున్నాడు. వీటిలో ఏ డెప్త్ కోసం వాళ్ళంతా అడిగి ఉంటారో మా తోడల్లుడు చెప్పలేదు. ఆయన కార్డు చదివి, పక్కన పెట్టి, ఆ అమ్మాయిని అసలు పేరేమిటని అడిగాడు. ఆమె నవ్వి, తను నక్షత్రాల దేశం నుంచి వచ్చానంది. “చూశారా, వాళ్ళ మైథాలజీ” అన్నాడు. అది మైథాలజీ కాదు మహానుభావా, జవాబు చెప్పనని చెప్పే మర్యాద. విజయవాడలో ఆయన ఇంట్లో గిన్నెలు తోమే ఆవిడ గ్లాసు పెరట్లో కుళాయి గట్టు మీద విడిగా బోర్లించి ఉంటుంది. రెండు రోజులు నాగా పెడితే పైసలతో సహా లెక్కగట్టి కోస్తాడు. ఆ ఆవిడ పేరు ఏమిటని నేనడిగితే, “మా ఆవిడకి తెలుసండీ” అన్నాడు. సేవలోని దివ్యత్వం గురించి మాత్రం ఐస్‌క్రీం కరిగేదాకా మాట్లాడాడు.

చివర ఫోటో. అక్కడి కెమెరాతో వాళ్ళే తీసి, అక్కడికక్కడే బయటికొచ్చే కార్డు మీద రంగు పెన్నులతో పువ్వులు గీసి ఇస్తారు. ‘చెకీ’ అంటారు, దానికి వేరే డబ్బు. మా తోడల్లుడు పిల్లి చెవుల పట్టీ పెట్టుకుని దిగాడు. అర్థాంతరన్యాసం అక్కర్లేదు.

ఉపసంహార మూలం: ఇత్తె రష్షైమాసె, గోషుజిన్‌సమా!

వెళ్ళి రండి దొరగారూ. దీనికి టీక ఇంతకు ముందే, స్థలం కాని స్థలంలో, రాసేశాను. నా నోటికి ఇంకేమీ రాక, “వెళ్ళొస్తానమ్మా” అన్నాను. వంగి దండం పెట్టింది. మేము లిఫ్టులోకి జరుగుతుండగా అందులోంచి ముగ్గురు ఆస్ట్రేలియా కుర్రాళ్ళు దిగారు. తలుపు మూసుకునేలోగా వెనక నుంచి అదే స్థాయిలో, అదే రాగంలో ‘ఒకాయెరి నసైమాసె’ వినబడింది.

లిఫ్టులో మా తోడల్లుడు కళ్ళు మూసుకున్నాడు. ఏమంటాడో తెలిసి నేను మూడో అంతస్తు గుర్తు కేసి చూస్తున్నాను.

“ఆ పిల్ల బూట్లు ఒక సైజు చిన్నవండీ” అంది మా ఆవిడ.