అభిప్రాయం సోకినవారికి 72 గంటల క్వారంటైన్

తమిళ నిర్మాతలు 2024 డిసెంబరులో మద్రాస్ హైకోర్టు గడప తొక్కిన సంగతి మీరు చదివే ఉంటారు. కొత్త సినిమా విడుదలయ్యాక మూడు రోజుల దాకా యూట్యూబ్‌లోనూ, సామాజిక మాధ్యమాల్లోనూ ఎవరూ సమీక్షలు పెట్టకుండా చూడాలన్నది వారి మొర. విమర్శ భావప్రకటన స్వేచ్ఛలో భాగమంటూ కోర్టు అప్పటికప్పుడు నిషేధం ఇవ్వలేదు. నోటీసులిచ్చి ఊరుకుంది.

నాకు నిర్మాతల మీద జాలేసింది. అడగరానిది అడిగారని కాదు, మరీ తక్కువ అడిగారని.

వారి లెక్క ప్రకారం అభిప్రాయం ఒక అంటువ్యాధి. హాలు చీకట్లో పుడుతుంది, ఇంటర్వెల్‌లో సమోసాల దగ్గర ముదురుతుంది, స్టాండులో బండి తీసేలోపు పక్కవాడికి అంటుకుంటుంది. మన తెలుగువాళ్లకైతే ఇది విదేశాల నుంచి కూడా దిగుమతి అవుతుంది. అమెరికాలో ప్రీమియర్లు ముందే పడతాయి కనుక, ఇక్కడ కోడి కూయకముందే డల్లాస్ అల్లుడి ఫోను వస్తుంది: "మామయ్యగారూ, సెకండాఫ్ లాగ్." ఇక ఆ ఇంట్లో ఎవరూ కోలుకోరు.

వ్యాధి తీవ్రతను బట్టి మందు మోతాదు కూడా పెరుగుతూ వచ్చింది. 2024 మార్చిలో కేరళ హైకోర్టుకు నివేదిక ఇచ్చిన అమికస్ క్యూరీ (కోర్టుకు సలహా ఇచ్చే న్యాయవాది) వ్లాగర్లు 48 గంటలు ఆగితే చాలన్నారు. అదే ఏడాది నవంబరులో 'కంగువ' సినిమా వచ్చి వెళ్లాక, యూట్యూబర్లను హాలు ఆవరణలోకే రానివ్వొద్దని తమిళ నిర్మాతల మండలి కోరింది. ఆ తర్వాత కోర్టులో అడిగింది 72 గంటలు. కానీ కెమెరా పట్టుకున్నవాడి నోరొక్కటి మూస్తే వ్యాధి ఆగుతుందా? టీ కొట్టువాడు, మంగలి షాపువాడు, ఆటో డ్రైవరు, ఆఫీసులో పక్క సీటాయన... వీళ్లందరి సంగతేమిటి? అందుకే నిర్మాతల తరఫున నేనే మార్గదర్శకాలు తయారుచేశాను.

శుక్రవారం మార్నింగ్ షో చూసినవాళ్లను సోమవారం తెల్లారేదాకా హాల్లోంచి వదలకూడదు. సీటే పడక. మూడు పూటలా పాప్‌కార్న్, మధ్యలో కూల్‌డ్రింకు. బిల్లు ప్రేక్షకుడిదే. సినిమా ఆడినా ఆడకపోయినా పెట్టుబడి క్యాంటీన్‌లోనే తిరిగొచ్చేస్తుంది.

లక్షణాలను గేట్‌కీపర్ టార్చిలైటుతో ఎప్పటికప్పుడు గమనిస్తుండాలి. ఆవులింత ప్రాథమిక దశ. పాట రాగానే బాత్రూముకు లేవడం మధ్యమ దశ. ఇంటర్వెల్లో బండి తాళాలు తడుముకున్నాడంటే ముదిరినట్టే. హీరోగారు ఎంట్రీలో గాల్లోకి లేచినప్పుడు కుర్చీలో కుదురుగా కూర్చున్నవాణ్ణి తక్షణం విడిగా కూర్చోబెట్టాలి.

అన్నిటికంటే ప్రమాదకరమైనది బాహాటంగా తిట్టేవాడు కాదు, "పర్లేదు" అనేవాడు. వాడి గొంతులో జ్వరం ఉండదు కనుక ఎవరూ అనుమానించరు. కానీ ఆ "పర్లేదు" వల్ల రద్దయిన ఆదివారం ప్రోగ్రాములు ఎన్నో. "ఒకసారి చూడొచ్చు" అనేది దీనికి రెండో రకం. "పిల్లలకు నచ్చుతుందేమో" అన్నారంటే ఇక ఆశ వదులుకోవచ్చు.

ఇలాంటివాళ్లు ఎవరెవరితో మాట్లాడారో ఆరా తీయాలి. వదిన ఆడపడుచుకు చెప్పింది, ఆడపడుచు లిఫ్టులో మూడో ఫ్లోరావిడకు చెప్పింది. కాబట్టి అపార్ట్‌మెంట్ మొత్తానికి తాళం వేయాల్సిందే.

అభిమానులకు క్వారంటైన్ అక్కర్లేదు. కటౌట్‌కు పాలాభిషేకం చేసినవాళ్లకు పుట్టుకతోనే రోగనిరోధక శక్తి ఉంటుంది. మిగతావాళ్లకు టీకా తప్పనిసరి. ప్రీ రిలీజ్ ఈవెంట్ మొదటి డోసు, విడుదలైన మధ్యాహ్నానికే కేకు కోసే సక్సెస్ మీట్ రెండో డోసు, కోట్ల అంకెలతో వచ్చే పోస్టరు బూస్టరు. హాలు బయట మైకు దొరకబుచ్చుకుని "బొమ్మ అదిరిపోయింది" అని అరిచినవాడు సంపూర్ణ ఆరోగ్యవంతుడు. అతగాణ్ణి మూడు రోజులు ఆపనక్కర్లేదు. ఆ సాయంత్రమే నక్షత్రాలతో సహా పోస్టరెక్కించవచ్చు.

నిర్లక్ష్యం చేస్తే ఏమవుతుందో చరిత్రే చెబుతుంది. 1957లో 'మాయాబజార్' చూసినవాళ్లకు సోకిన అభిప్రాయం ఇవాళ్టికీ తగ్గలేదు, మనవళ్లకూ అంటించిపోయారు. 1980లో 'శంకరాభరణం' పలచటి హాళ్లతో మొదలైంది. చూసిన కొద్దిమంది ఊరుకోకుండా నలుగురికీ అంటించారు, హాళ్లు నిండిపోయాయి. 2018లో ఎక్కువమంది కొత్తవాళ్లే నటించిన 'కేరాఫ్ కంచరపాలెం' అలాగే పాకింది. 2023లో 'బలగం' మరీ విజృంభించి, తెలంగాణ పల్లెల్లో జనం తెరలు కట్టుకుని ఊరంతా కూర్చుని చూసి ఏడ్చేదాకా వచ్చింది. సకాలంలో నోళ్లు కట్టేసి ఉంటే ఈ అనర్థాలేవీ జరిగేవి కావు.

ఇక వెటకారం చాలు.

చిన్న సినిమాకు కటౌట్ ఉండదు, వంద అడుగుల హోర్డింగు ఉండదు. దానికున్న ఆస్తి చూసినవాడి నోరొక్కటే. మొదటి మూడు రోజుల్లో జనం రాకపోతే సోమవారానికి దాని షోలు లేచిపోతాయి. 72 గంటల మౌనం దాని పాలిట మరణశాసనం. ఆ మౌనంతో బతికేది కోట్లు పెట్టి ముందే ఊదరగొట్టిన పెద్ద సినిమా మాత్రమే. డబ్బులిస్తావా, తిట్టమంటావా అని బెదిరించేవాళ్లు లేరా అంటే, ఉన్నారు. బెదిరించి గుంజడం నేరం, కేసు పెట్టండి. కేరళలో 2023లో పోలీసులు పెట్టారు కూడా. ఒక దొంగ కోసం ఊరంతటికీ కర్ఫ్యూ ఎందుకు?

ఈ కోరిక చెన్నైలో ఆగదు, మన వేదికల మీదా అప్పుడప్పుడూ వినిపిస్తూనే ఉంది. మన దగ్గర టికెట్ ధర ఎక్కువగా పెంచుకునేది సరిగ్గా ఆ మొదటి రోజుల్లోనే. 'పుష్ప 2' ప్రీమియర్‌కు టికెట్ మీద అదనంగా 800 రూపాయలు తీసుకోవడానికి తెలంగాణ ప్రభుత్వం అనుమతిచ్చింది. కిలో వంకాయలు కొన్నా పుచ్చు ఉంటే అక్కడే అడుగుతాం. వెయ్యి రూపాయలు పోసి టికెట్ కొన్నవాడు మాత్రం నచ్చలేదని సోమవారం దాకా అనకూడదా?

ఆ ప్రీమియర్ రాత్రే, 2024 డిసెంబరు 4న, హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లోని సంధ్య థియేటర్ దగ్గర తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది. ఆమె కొడుకు ఆస్పత్రి పాలయ్యాడు. వాళ్లు సినిమా చూడటానికి వచ్చారు. ఎవరి సమీక్షా వాళ్లనేమీ చేయలేదు. సినిమాను ముందే చూడకపోతే బతుకే లేదన్నంతగా రాజేసిన వేడి, ఆ వేడికి సరిపడా ఏర్పాట్లు లేని రాత్రి ఆ ప్రాణం తీశాయి. జనం ఎగబడటం ఈ పరిశ్రమకు ఎప్పుడూ జబ్బుగా కనపడలేదు. దానికి నియంత్రణ కావాలని ఏ నిర్మాతల సంఘమూ కోర్టుకు పోలేదు. జనం మాట్లాడటమే జబ్బట! గుంపుగా రావాలి, డబ్బు కట్టాలి, ఈలలు వేయాలి, మూగగా ఇంటికి పోవాలి. ప్రేక్షకుడి గురించి వీళ్ల ఆలోచన ఇంతే.

సినిమా నిర్మాతదే కావచ్చు. దాని మీద మాట మాత్రం టికెట్ కొన్నవాడిది. నచ్చితే హాలు మెట్లు దిగుతూనే చెప్పండి. నచ్చకపోయినా అక్కడే చెప్పండి. ఎందుకు నచ్చలేదో కూడా చెప్పండి. సోమవారం దాకా ఆగొద్దు.